వంద కోట్లు × వంద కోట్ల గ్రిడ్‌లో ప్యాటర్న్‌లు లెక్కపెట్టడం ఎలా?

జపాన్‌కు చెందిన ప్రోగ్రామింగ్ పోటీల సైట్ అట్‌కోడర్‌లో 2016 సెప్టెంబరులో ఒక ప్రశ్న వచ్చింది. బిగినర్ కాంటెస్ట్ 045లో డి ప్రశ్న అది. రెగ్యులర్ కాంటెస్ట్ 061లో కూడా అదే ఇచ్చారు. చదవడానికి చాలా మామూలుగా ఉంటుంది. ఒక పెద్ద గ్రిడ్, అందులో అక్కడక్కడా నల్ల గళ్లు, మిగతావన్నీ తెల్లవి. గ్రిడ్‌లో పట్టే 3×3 విండోలన్నిటినీ (మూడు వరుసలు, మూడు కాలమ్‌ల చతురస్రాలు) తీసుకుంటే, సరిగ్గా 0 నల్ల గళ్లున్న విండోలెన్ని, 1 ఉన్నవెన్ని, అలా 9 వరకూ చెప్పాలి.

చిక్కంతా సైజులోనే ఉంది. ఎత్తు, వెడల్పు ఒక్కొక్కటి వంద కోట్ల (10⁹) దాకా ఉండొచ్చు. నల్ల గళ్లు మాత్రం లక్షకు (10⁵) మించవు. అంటే గళ్లు 10¹⁸. ఒక్కో గడికి ఒక్క బిట్ చొప్పున దాచినా 125 పెటాబైట్లు కావాలి. మెమరీ సంగతి పక్కన పెట్టి, సెకనుకి వంద కోట్ల విండోలు చూసే మిషన్ ఉందనుకున్నా పని పూర్తవడానికి 31 ఏళ్లు దాటుతుంది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే.

ఇలాంటి స్పార్స్ గ్రిడ్ (నల్ల గళ్లు చాలా పలుచగా ఉన్న గ్రిడ్) ప్రశ్నలకు పనికొచ్చే పద్ధతిని ఈ ఒక్క ఉదాహరణ మీదే మొదటి నుంచి కట్టుకుంటూ వెళ్దాం. కోడ్‌ని మీకు నచ్చిన భాషలోకి మార్చుకునేందుకు వీలుగా తెలుగు సూడోకోడ్‌లోనే (ఏ ఒక్క భాషకూ చెందకుండా మామూలు మాటల్లో రాసే కోడ్) ఇస్తున్నాను.

1. ప్రశ్నని తిరగేయండి

ఎవరికైనా మొదట తట్టేది ఇదే: ప్రతి విండో దగ్గరికీ వెళ్లి "నీలో ఎన్ని నల్ల గళ్లున్నాయి?" అని అడగడం. విండోలు 10¹⁸ కాబట్టి ఇది కుదరదు. నల్ల గళ్లు లక్షే కాబట్టి వాటినే అడుగుదాం: "నువ్వు ఏయే విండోల్లో ఉన్నావు?"

ఒక గడి ఎన్ని 3×3 విండోల్లో ఉండగలదు? విండోని దాని పై-ఎడమ మూల గడితో గుర్తిద్దాం. నల్ల గడి వరుస 7, కాలమ్ 12లో ఉంటే, దాన్ని కలుపుకునే విండో పై వరుస 5, 6, 7లో ఏదో ఒకటి అవుతుంది. ఎడమ కాలమ్ 10, 11, 12లో ఏదో ఒకటి. మొత్తం 9 విండోలు, అంతకు మించి ఉండవు. లక్ష గళ్లు తలా తొమ్మిది విండోలకు ఒక్కో పాయింట్ వేస్తే 9 లక్షల పాయింట్లు. ఎంత పాత ల్యాప్‌టాప్‌కైనా ఇది లెక్కలోకి రాని పని.

మరి ఒక్క పాయింట్ కూడా పడని విండోల మాటేమిటి? వాటిని మనం ముట్టుకోనే ముట్టుకోం. మొత్తం విండోలు (ఎత్తు − 2) × (వెడల్పు − 2) అని ముందే తెలుసు. అందులోంచి పాయింట్ పడ్డ విండోల సంఖ్య తీసేస్తే మిగిలేవి ఖాళీ విండోలు. ఒక్క తీసివేతతో 10¹⁸ విండోల పని తీరిపోయింది.

2. కోడ్

```
మొత్తం = (ఎత్తు − 2) × (వెడల్పు − 2)
లెక్క = ఖాళీ డిక్షనరీ

ప్రతి నల్ల గడి (వరుస, కాలమ్) కి:
    పై = వరుస − 2 నుంచి వరుస వరకు:
        పై < 1 లేదా పై > ఎత్తు − 2 అయితే వదిలేయి
        ఎడమ = కాలమ్ − 2 నుంచి కాలమ్ వరకు:
            ఎడమ < 1 లేదా ఎడమ > వెడల్పు − 2 అయితే వదిలేయి
            కీ = పై × వెడల్పు + ఎడమ
            లెక్క[కీ] కి 1 కలుపు

జవాబు = పది సున్నాల లిస్ట్
లెక్కలోని ప్రతి విలువ వి కి:
    జవాబు[వి] కి 1 కలుపు
జవాబు[0] = మొత్తం − (లెక్కలోని కీల సంఖ్య)
```

డిక్షనరీ అంటే ఒక్కో కీకి ఒక విలువను దాచుకునే పట్టిక. పై కోడ్‌లో రెండు చోట్ల కాస్త ఆగాలి. మొదటిది అంచుల చెక్. గ్రిడ్ అంచున ఉన్న గడికి తొమ్మిది విండోలూ ఉండవు. మూల గడికైతే ఒకే ఒక్కటి. ఈ చెక్ మర్చిపోతే గ్రిడ్ బయటి విండోలు కూడా డిక్షనరీలో చేరతాయి, సున్నా జవాబు తగ్గిపోతుంది. చిన్న గ్రిడ్లలోనైతే అది నెగటివ్‌లోకి పోతుంది కాబట్టి తప్పు వెంటనే తెలుస్తుంది. పెద్ద గ్రిడ్లలో పద్దెనిమిది అంకెల సంఖ్యలో చివరి ఒకటి రెండు అంకెలు తేడా వస్తే ఎవరికీ కనపడదు. అందుకే టెస్టులు చిన్న గ్రిడ్లతోనే మొదలుపెట్టాలి.

రెండోది కీ. వరుస, కాలమ్ జతని ఒకే సంఖ్యగా మార్చాం. ఎడమ ఎప్పుడూ వెడల్పు కంటే చిన్నదే కాబట్టి రెండు వేర్వేరు విండోలకు ఒకే కీ రాదు. కీ విలువ 10¹⁸ లోపే ఉంటుంది. 64 బిట్ల సైన్డ్ ఇంటీజర్‌లో 9.2 × 10¹⁸ దాకా పడుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. జతనే టపుల్‌గా (రెండు విలువల్ని విడివిడిగానే కలిపి ఉంచే రూపం) పెట్టినా జవాబు సరిగ్గానే వస్తుంది కానీ పైథాన్‌లో మెమరీ బాగా తినేస్తుంది. తొమ్మిది లక్షల కీల దగ్గర ఆ తేడా బాగా తెలుస్తుంది.

3. భాషను బట్టి ఎదురయ్యే గోతులు

సీ++లో ఎక్కువమంది పడేది ఒకే గోతిలో. జవాబు దాచే వేరియబుల్‌ని లాంగ్ లాంగ్ అని పెడతారు, ఎత్తు వెడల్పుల్ని మాత్రం మామూలు ఇంట్‌లోనే ఉంచేస్తారు. గుణకారం 32 బిట్లలో జరిగి, పొంగిపోయిన విలువే లాంగ్ లాంగ్‌లోకి వెళ్తుంది. జవాబు పెట్టె ఎంత పెద్దదైనా లాభం లేదు, గుణించే ముందే పెద్ద టైపులోకి మార్చాలి. జావాలోనూ ఇదే కథ.

సీ++లోనే ఇంకో సంగతి. అనార్డర్డ్ మ్యాప్ (సీ++లో డిక్షనరీ లాంటిది) మామూలుగా వేగంగానే ఉంటుంది. కానీ కోడ్‌ఫోర్సెస్ లాంటి పోటీల సైట్లలో ఇతరుల కోడ్‌ని పడగొట్టే టెస్టులు రాసే వీలుంటుంది. 107897, 126271 లాంటి సంఖ్యల గుణిజాలను కీలుగా పంపితే అన్నీ మ్యాప్ లోపలి ఒకే బకెట్‌లో (అరలో) పడి ప్రోగ్రాం నత్తనడక నడుస్తుంది. దీనికి నేను చెప్పేది: మ్యాపే వద్దు. 9 లక్షల కీలను ఒక వెక్టర్‌లో వేసి సార్ట్ చేయండి, ఒకే విలువ వరసగా ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. మొత్తం 7.2 ఎంబీ. బకెట్ల గొడవ ఉండదు, చాలాసార్లు మ్యాప్ కంటే వేగంగానే నడుస్తుంది కూడా.

జావాస్క్రిప్ట్‌లో మామూలు నంబర్ 2⁵³ వరకే, అంటే 9007199254740992 వరకే, పూర్ణసంఖ్యల్ని కచ్చితంగా పట్టుకుంటుంది. మన కీ అంతకంటే నూరు రెట్లు పెద్దది కావచ్చు. అప్పుడు పక్కపక్క విండోల కీలు చప్పుడు లేకుండా కలిసిపోతాయి. ఎర్రర్ రాదు, తప్పు జవాబు వస్తుంది. బిగ్‌ఇంట్ (ఎంత పెద్ద పూర్ణసంఖ్యనైనా పట్టే టైపు) వాడండి, లేదంటే వరుసకో మ్యాప్, దాని లోపల కాలమ్‌కో ఎంట్రీ పెట్టండి. మొత్తం విండోల గుణకారానికి మాత్రం బిగ్‌ఇంట్ తప్పదు.

పైథాన్‌లో ఓవర్‌ఫ్లో (సంఖ్య టైపులో పట్టక పొంగిపోవడం) టెన్షన్ లేదు. అరేల లెక్కలకు నంపై లైబ్రరీ వాడితే మళ్లీ వస్తుంది. విండోస్‌లో నంపై 2.0 కంటే ముందు వెర్షన్లలో డిఫాల్ట్ ఇంటీజర్ 32 బిట్లే, కాబట్టి టైపుని ఇంట్64 అని మీరే చెప్పండి. ఆ తర్వాత పని చాలా తేలిక: తొమ్మిది జరుపులకు తొమ్మిది అరేలు చేసి, అంచులు దాటినవాటిని ఫిల్టర్ చేసి, కీలుగా మార్చి కలిపేయండి. యూనిక్ ఫంక్షన్‌ని కౌంట్స్ కూడా ఇవ్వమని అడగండి. ఆ కౌంట్స్ మీద బిన్‌కౌంట్ (ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో చెప్పే ఫంక్షన్) వేస్తే జవాబు వచ్చేస్తుంది. లూప్ రాయాల్సింది తొమ్మిది జరుపులకే.

4. చేత్తో ఒకసారి చూసుకోండి

ఆ ప్రశ్నలో ఇచ్చిన మొదటి నమూనానే తీసుకుందాం. గ్రిడ్ 4 × 5. నల్ల గళ్లు ఎనిమిది: (1,1), (1,4), (1,5), (2,3), (3,1), (3,2), (3,4), (4,4).

```
# . . # #
. . # . .
# # . # .
. . . # .
```

విండోలు 2 × 3 = 6. పై-ఎడమ మూల (1,1) ఉన్న విండోలో నల్లవి నాలుగు. (1,2)లో నాలుగు, (1,3)లో నాలుగు. కింది వరుసకొస్తే (2,1)లో మూడు, (2,2)లో నాలుగు, (2,3)లో మూడు. జవాబు: మూడు ఉన్నవి 2, నాలుగు ఉన్నవి 4, మిగతావన్నీ సున్నా.

ఇప్పుడు ఇదే లెక్క గళ్ల వైపు నుంచి చూడండి. (1,1) మూలలో ఉంది, ఒకే విండోకి పాయింట్ వేస్తుంది. (1,4) రెండిటికి, (1,5) ఒకదానికి. (2,3) నట్టనడుమ ఉంది కాబట్టి ఆరు విండోలకీ వేస్తుంది. (3,1) రెండు, (3,2) నాలుగు, (3,4) నాలుగు, (4,4) రెండు. కూడితే 22. విండోల వైపు నుంచి 3 × 2 + 4 × 4 కూడా 22. ఈ రెండు మొత్తాలూ ఎప్పుడూ సమానంగా ఉండి తీరాలి. గ్రిడ్ ఎంత పెద్దదైనా ఇది చెక్ చేయొచ్చు కాబట్టి కోడ్‌లో అసర్ట్‌గా (తప్పితే ప్రోగ్రాంని అక్కడే ఆపేసే చెక్) పెట్టేయండి. ఒక గడి వేసే పాయింట్లు ఎన్నో లూప్ లేకుండానే తెలుస్తుంది: చెల్లే పై వరుసల సంఖ్యని చెల్లే ఎడమ కాలమ్‌ల సంఖ్యతో గుణిస్తే సరి. అంచుల చెక్ తీసేసి చూడండి, 22 ఉండాల్సిన చోట 72 వస్తుంది.

నల్ల గడి ఒక్కటీ లేని కేసు కూడా నడిపి చూడాలి. 10⁹ × 10⁹ గ్రిడ్‌కి సున్నా జవాబు 999999996000000004 రావాలి. చివరి అంకెలు మారాయంటే ఎక్కడో ఫ్లోటింగ్ పాయింట్ దూరింది.

వీటన్నిటి తర్వాత, 8 × 8 లోపు ర్యాండమ్ గ్రిడ్లు ఓ వెయ్యి తయారుచేసి, ప్రతి విండోనీ తిరిగి చూసే మొద్దు ప్రోగ్రాంతో మీ జవాబుని పోల్చండి. 3 × 3 గ్రిడ్, 3 × 8 గ్రిడ్ తప్పకుండా ఉండాలి, తప్పులు దాక్కునేవి అక్కడే.

5. ఎన్ని అని కాదు, ఏ ఆకారం అని అడిగితే

ఇక్కడి నుంచి ప్రశ్న ఆసక్తికరంగా మారుతుంది. ప్లస్ గుర్తు ఆకారంలో ఉన్నవి ఎన్ని? ఎల్ ఆకారంలో ఉన్నవి ఎన్ని? కోడ్ దాదాపు అదే, మారేది ఒక్క లైను. విండోలోని తొమ్మిది స్థానాలకు ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి 0 నుంచి 8 దాకా నంబర్లు వేయండి. నల్ల గడి విండోకి 1 కలపడం బదులు, తను ఉన్న స్థానం బిట్‌ని వెలిగిస్తుంది. ఆ బిట్లన్నీ కలిసిన సంఖ్యే విండో మాస్క్. కింది ఆర్ అంటే, ఇప్పటికే వెలిగిన బిట్లను అలాగే ఉంచి కొత్త బిట్‌ని వెలిగించడం.

```
స్థానం = (వరుస − పై) × 3 + (కాలమ్ − ఎడమ)
మాస్క్[కీ] = మాస్క్[కీ] ఆర్ (2 పవర్ స్థానం)
```

పైన చూసిన నమూనాలో (2,1) విండోని తీసుకోండి. (2,3) గడి స్థానం 2, విలువ 4. (3,1) గడి స్థానం 3, విలువ 8. (3,2) గడి స్థానం 4, విలువ 16. మాస్క్ 28. ఈ విండో ఆకారమంతా ఆ ఒక్క సంఖ్యలో ఉంది. అన్ని మాస్కులూ పూర్తయ్యాక, 512 గళ్ల లిస్ట్‌లో ఏ మాస్క్ ఎన్నిసార్లు వచ్చిందో రాసుకుంటే ఏ ఆకారం గురించి అడిగినా జవాబు సిద్ధం.

కూడిక కూడా పని చేస్తుంది కదా, ఆర్ ఎందుకంటే డూప్లికేట్ల కోసం. పోటీ ప్రశ్నల్లో ఒకే గడి రెండుసార్లు రాదని హామీ ఇస్తారు. బయట దొరికే డేటాలో, జీపీఎస్ పాయింట్లలోనో సెన్సర్ లాగుల్లోనో, ఆ హామీ ఉండదు. రెండుసార్లు కూడితే 4 కాస్తా 8 అయిపోయి పక్క గడి నల్లబడుతుంది. ఆర్‌కి ఆ బాధ లేదు. ముందు చెప్పిన కౌంటింగ్ పద్ధతికి మాత్రం గళ్లను సెట్‌లో వేసి డూప్లికేట్లు తీసేయాల్సిందే.

ప్లస్ గుర్తుకి వెలిగే స్థానాలు 1, 3, 4, 5, 7. మాస్క్ 2 + 8 + 16 + 32 + 128 = 186. ఇక్కడ ఒక సంగతి ముందే తేల్చుకోవాలి: మూలలు తెల్లగానే ఉండాలా, ఎలా ఉన్నా ఫర్వాలేదా? తెల్లగానే ఉండాలంటే మాస్క్ 186కి సమానం కావాలి. ఎలా ఉన్నా సరే అంటే, మాస్క్‌నీ 186నీ యాండ్ చేసినప్పుడు (రెండిటిలోనూ వెలిగిన బిట్లనే ఉంచినప్పుడు) 186 రావాలి. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు, జవాబులూ వేరే.

తిప్పినా, అద్దంలో చూసినా ఒకటే ఆకారంగా లెక్కపెట్టాలంటే ప్రతి మాస్క్‌కీ ఎనిమిది రూపాలు తయారుచేసి, వాటిలో అతి చిన్న సంఖ్యని ఆ గుంపు పేరుగా పెట్టుకోండి. 512 మాస్కులకూ ఒక్కసారి పట్టిక కట్టుకుంటే చాలు. పట్టికలో వేర్వేరు పేర్లు సరిగ్గా 102 ఉండాలి. కేవలం తిప్పడమే, అద్దం లేదు అంటే 140. ఈ అంకెలు రాకపోతే తిప్పే ఫంక్షన్‌లో తప్పుంది.

ఒకే ఒక్క ఆకారం కావాలంటే ఇంత తతంగం కూడా అక్కర్లేదు. ప్లస్ గుర్తుకి మధ్య గడి నల్లగా ఉండి తీరాలి. కాబట్టి నల్ల గళ్లను సెట్‌లో పెట్టుకుని, ఒక్కో గడినీ మధ్య గడి అనుకుని, నాలుగు వైపులా పొరుగు గళ్లు సెట్‌లో ఉన్నాయో లేవో చూడండి. మూలలు తెల్లగా ఉండాలంటే ఇంకో నాలుగు చూడాలి, వేరే ఆకారాలకైతే విండో మొత్తం గ్రిడ్ లోపలే ఉందో లేదో కూడా గమనించాలి. మొదటి పొరుగే లేకపోతే అక్కడే ఆగిపోవచ్చు. స్పార్స్ గ్రిడ్‌లో దాదాపు ప్రతిసారీ అలాగే ఆగిపోతాం కాబట్టి ఇది చాలా చవక. ఆకారంలో కనీసం ఒక నల్ల గడి ఉంటే చాలు, దాన్ని లంగరుగా వాడుకోవచ్చు.

గణితవేత్త జాన్ కాన్వే గేమ్ ఆఫ్ లైఫ్ (పొరుగు గళ్లను బట్టి తరతరానికీ గళ్లు పుడుతూ చస్తూ ఉండే ఆట) 1970లో వెలుగులోకి వచ్చింది. దాన్ని హద్దుల్లేని బోర్డు మీద ఈ పద్ధతితోనే నడపొచ్చు. బతికున్న ప్రతి గడి తన ఎనిమిది పొరుగు గళ్లకు ఒక్కో పాయింట్ వేస్తుంది. మూడు పాయింట్లు పడ్డ గడి తర్వాతి తరంలో బతుకుతుంది. రెండు పడితే, ఇప్పటికే బతికున్నదైతేనే నిలుస్తుంది. పాయింట్ పడనివాటిలో ఏదీ పుట్టదు కాబట్టి ఇక్కడ తీసివేత అవసరం కూడా లేదు. అడ్డంగా మూడు గళ్లు పెట్టి ఒక తరం నడిపితే నిలువుగా మూడు రావాలి. ఇంతకంటే చిన్న టెస్ట్ ఉండదు.

6. ఎప్పుడు వాడకూడదు

గ్రిడ్ 5000 × 5000, అందులో సగం నల్లవే అనుకోండి. అప్పుడు డిక్షనరీ దండగ. అరేలో ఒక అడుగు కంటే డిక్షనరీలో ఒక అడుగు చాలా ఖరీదు, పైగా ఒక్కో నల్ల గడికీ తొమ్మిది అడుగులు వేస్తున్నాం. అక్కడ 2డి ప్రిఫిక్స్ సమ్ (గ్రిడ్ పై-ఎడమ మూల నుంచి ఒక్కో గడి దాకా ఉన్న నల్ల గళ్ల మొత్తాల పట్టిక) కట్టండి, ఒక్కో విండోకి నాలుగు విలువలు చదివితే అయిపోతుంది. గ్రిడ్ మెమరీలో పడుతుందా, నల్ల గళ్లు దట్టంగా ఉన్నాయా అనే రెండు ప్రశ్నలకూ అవునని జవాబొస్తే అరే వైపే వెళ్లండి.

7. విండో పెద్దదైతే

3 × 3 బదులు 1000 × 1000 విండో అయితే ఒక్కో గడి పది లక్షల విండోలకు పాయింట్ వేయాలి. లక్ష గళ్లకు 10¹¹. పద్ధతి ఉన్నదున్నట్టుగా పనికిరాదు, ఆలోచన మాత్రం పనికొస్తుంది. విండో పక్క పొడవు క అనుకుందాం. నల్ల గడి పాయింట్ వేసే విండోల పై-ఎడమ మూలలన్నీ కలిపితే ఒక చతురస్రం అవుతుంది: పై వరుస (వరుస − క + 1) నుంచి వరుస దాకా, కాలమ్ కూడా అంతే, రెండూ గ్రిడ్ అంచుల దగ్గర కత్తిరించి. ఇక ప్రశ్న ఇలా మారుతుంది: ఈ చతురస్రాలను ఒకదాని మీద ఒకటి పరిస్తే, ఎంత వైశాల్యం మీద ఎన్ని పొరలున్నాయి?

నిజంగా పలుచగా ఉన్న డేటాకి నేను వాడమనేది స్వీప్. పై వరుసను పై నుంచి కిందికి జరుపుకుంటూ పోతే, చతురస్రాలు మొదలయ్యే చోటా ముగిసే చోటా తప్ప పరిస్థితి మారదు. అలాంటి చోట్లు గడికి రెండే.

```
ప్రతి రెండు వరుస మార్పుల మధ్య పట్టీకి:
    ఎత్తు_ప = పట్టీలోని పై వరుసల సంఖ్య
    చురుకు = ఈ పట్టీని కప్పే చతురస్రాలు
    చురుకులోని ఎడమ హద్దులకు +1, (కుడి హద్దు + 1) కి −1 రాసి సార్ట్ చేయి
    పొర = 0
    ఎడమ నుంచి కుడికి ఒక్కో హద్దుకి:
        పొర > 0 అయితే:
            జవాబు[పొర] కి ఎత్తు_ప × (ముందు హద్దు నుంచి దూరం) కలుపు
        పొర కి ఈ హద్దు విలువ కలుపు
```

ఖాళీ విండోలు మళ్లీ తీసివేతతోనే వస్తాయి. ఇక్కడ జవాబు లిస్ట్ పది స్థానాలతో సరిపోదు, డిక్షనరీ పెట్టుకోండి.

దీని ఖర్చు ఒకే పట్టీలో ఎన్ని గళ్లు చురుకుగా ఉంటాయన్న దాని మీద ఆధారపడుతుంది. వంద కోట్ల వరుసల్లో లక్ష గళ్లు సమంగా చెదిరి ఉంటే, వెయ్యి వరుసల మేరలో సగటున 0.1 గడి ఉంటుంది. ప్రోగ్రాం ఇన్‌పుట్ చదివే టైమే ఎక్కువ. అదే విండో పక్క పొడవు లక్ష దాటి, లక్ష గళ్లూ అంత ఎత్తున్న ఒకే మేరలో వేర్వేరు వరుసల్లో గుమిగూడితే దాదాపు రెండు లక్షల పట్టీలు, ఒక్కోదానిలో లక్ష దాకా గళ్లు, అంటే 10¹⁰ దాటిన పని. అప్పుడు అడిగిందేమిటో మళ్లీ చూడండి. ఒక విండోలో గరిష్ఠంగా ఎన్ని నల్ల గళ్లుంటాయి అన్నదే కావాలంటే ప్రతి పట్టీనీ మళ్లీ నడవనక్కర్లేదు. సెగ్మెంట్ ట్రీలో (ఒక రేంజ్ మొత్తానికి ఒకేసారి విలువ కలిపి, గరిష్ఠాన్ని త్వరగా చెప్పే నిర్మాణం) ఒక రేంజ్‌కి +1, ఒక రేంజ్‌కి −1 వేస్తూ గరిష్ఠాన్ని చూసుకుంటే లక్ష గళ్లు కూడా హాయిగా నడుస్తాయి. కనీసం ఒక్క నల్ల గడి ఉన్న విండోలెన్ని అన్నా అదే ట్రీలో కనిష్ఠాన్నీ, ఆ కనిష్ఠం ఎంత పొడవునా ఉందో దాన్నీ దాచుకుంటే చాలు.

పూర్తి పట్టికే కావాలంటే, మొదలుపెట్టే ముందు గళ్లను వరుసల ప్రకారం సార్ట్ చేసి, టూ పాయింటర్లతో (మొదలుకీ చివరకీ రెండు గుర్తులు పెట్టి ముందుకు జరిపే పద్ధతి) క వరుసల మేరలో గరిష్ఠంగా ఎన్ని గళ్లు పడతాయో కొలవండి. కాలమ్‌ల వైపు కూడా కొలిచి, ఏది తక్కువొస్తే ఆ వైపు నుంచి స్వీప్ చేయండి.